కాలికి రక్తం వచ్చిన తర్వాత

నా కుడి కాలు నాకు మిగిలింది. బొటనవేలి పక్క వేలు మాత్రం లేదు. ఆ వేలు తీసిన చోట పుండు మానడానికి దాదాపు పది నెలలు పట్టింది. ఇప్పుడు పొద్దున లేచి చెప్పులు వేసుకుని తోట దాకా నడిచి వస్తున్నాను కాబట్టి ధైర్యంగా కూర్చుని రాస్తున్నాను. అప్పుడైతే దవాఖాన పేరు ఎత్తితేనే చేతులు చల్లబడేవి.

మూసుకుపోయిన కాలి రక్తనాళం తెరిపించుకుని ఇంటికి వచ్చినవాళ్లు పని అయిపోయిందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాలికి రక్తం రావడం వేరు, పుండు మానడం వేరు. ఆ రెండింటి మధ్య నా షుగర్ అడ్డం పడింది, నా గుండె అడ్డం పడింది, వాటికి తోడు నేను కూడా అడ్డం పడ్డాను. మొదటి రెండింటి గురించి డాక్టర్లు చెబుతారు. మూడోదాని గురించి నేనే చెప్పుకోవాలి.

మాది అత్వెల్లి. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డు పక్కన ఒక సారుకు అంగూర్ తోట, అంటే ద్రాక్షతోట ఉంది. సారు పట్నంలో ఉంటాడు, తోట నా చేతిలో ఉంటుంది. ఇరవై ఏళ్లకు పైగా అక్కడ మేస్త్రీని. తీగల కత్తిరింపు, మందు కొట్టించడం, పండు కోతకు వచ్చిందో లేదో చెప్పడం నా పని. నా భార్య సత్తెమ్మ ఆడవాళ్లను పెట్టుకుని గుత్తుల్లో కాయలు పలచన చేయిస్తుంది, కోతప్పుడు పెట్టెలు కట్టిస్తుంది. నేను ‘ఇగ కోయొచ్చు’ అన్నాకే బేరగాళ్లు బండి తెచ్చేవాళ్లు. ఆ మాట మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది. నలభై దాటగానే షుగర్ వచ్చింది. గోళీలు వేసుకుంటూ, బీడీలు తాగుతూ పని చేసుకునేవాణ్ని.

2001 వానాకాలంలో కాలు మొదలైంది. గేటు నుంచి బావి మోటరు దాకా నడిస్తే కుడి పిక్క పట్టేసేది. నిలబడితే రెండు నిమిషాల్లో పోయేది, నడిస్తే మళ్లీ వచ్చేది. నిలబడితే పోయే నొప్పికి దవాఖాన ఎందుకని నా వాదన. ఆముదం రాశాను, పిక్కకు గుడ్డ బిగించి కట్టుకున్నాను. నొప్పి వచ్చినప్పుడల్లా ఆగిపోయి, తల ఎత్తి పందిరి మీద తీగలు చూస్తున్నట్టు నటించేవాణ్ని. మేస్త్రీ మస్తు శ్రద్ధగా చూస్తున్నాడని పనివాళ్లు అనుకునేవాళ్లు. సత్తెమ్మ అనుకోలేదు.

“ఏంది, అడుగడుక్కు పందిరి దిక్కు జూస్తున్నవ్? కాలు గుంజుతాందా?”

“ఏం లేదే. జర వాయువు.”

“వాయువైతే నిలబడంగనే ఎట్ల పోతది? పా, దవాఖానకు పోదాం.”

“కత్తిరింపు అయినంక పోదాం తియ్యి.”

ఆ కత్తిరింపు అయింది, కోత అయింది, ఇంకో కత్తిరింపు వచ్చింది. నేను పోలేదు.

2002 అక్టోబరులో తీగలు కత్తిరిస్తుంటే, కింద పడిన కొమ్మ మొన ఒకటి చెప్పులోంచి దూసుకుని వేలికి గుచ్చుకుంది. నాకు తెలియలేదు. అబద్ధం కాదు, నిజంగానే తెలియలేదు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారి అప్పటికే చాలాకాలమైందట. ఇంట్లో గచ్చు మీద నెత్తుటి మరకలు చూసి సత్తెమ్మ నా పాదం పట్టుకుని తిప్పి చూసింది. పది రోజులకు వేలు ఊదారంగుకు తిరిగింది, ఇంకో వారానికి నల్లబడింది. ఇక వాయువు అనడానికి నాకు కూడా నోరు రాలేదు.

సికింద్రాబాద్‌లో ఒక పెద్ద దవాఖానకు పోయాం. కాలి నాళాల డాక్టరు గది ముందు పొడవాటి వరండా, రెండు వైపులా బెంచీలు. అక్కడ ఎవరూ ఎవరి ముఖమూ చూడరు, అందరూ పక్కవాళ్ల పాదాలు చూస్తారు. కట్టు ఎంత పైదాకా ఉందో చూసి, మనది ఇంకా కిందనే ఉందని లోపల సంతోషపడతారు. నేనూ సంతోషపడ్డాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మోకాలి కింద కాలు లేని ఒక పెద్దమనిషి నన్ను చూసి కొంచెం జరిగి, “గోడకు ఆనుకొని కూసో తమ్మీ, నాలుగు గంటలు పడ్తది” అని తన దిండు నా నడుము వెనక పెట్టాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

డాక్టరు నా పాదం మీద రెండు వేళ్లు పెట్టి చాలాసేపు ఉంచాడు. ఇక్కడ కొట్టుకోవలసిన నాడి కొట్టుకోవడం లేదన్నాడు. డిసెంబరులో తొడ దగ్గర నుంచి సన్నని తీగ పంపించి, మూసుకుపోయిన చోట బెలూను ఊదించి దారి చేశారు. నొప్పి పెద్దగా లేదు. ఆ సాయంత్రం సత్తెమ్మ నా పాదం ముట్టుకుని, “ఎచ్చగున్నదయ్యా” అని ఏడ్చింది. ఏడాదిగా అది బండలా చల్లగా ఉండేదని నాకు అప్పుడు చెప్పింది. నాలుగు రోజులకు నల్లబడిన వేలు తీసేశారు. బీడీ మానకపోతే మళ్లీ మూసుకుపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. బీడీ కట్టను దవాఖాన గేటు దగ్గరే పారేశాను, మళ్లీ ముట్టలేదు. అంత పెద్ద పని చేశాను కాబట్టి, చేయవలసినవన్నీ చేస్తున్నాననే అనుకున్నాను.

2003 జనవరి అంతా మేడ్చల్‌లో రోజు విడిచి రోజు కట్టు మార్పించుకున్నాను. పుండు ఎర్రగా బాగానే కనబడింది. ఫిబ్రవరిలో కోత మొదలైంది. సారు నన్ను రమ్మనలేదు, నేనే పోయాను. నేను లేకుండా కోస్తే పుల్లటి పండు బండెక్కిస్తారని భయం. పుండుకు కట్టు, దాని మీద ప్లాస్టిక్ సంచి, ఆపైన పెద్ద చెప్పు. ఈ అవతారంతో తోటంతా తిరిగాను. కాలు ఇప్పుడు ఆపడం లేదు కదా! ఏడాదిన్నర తర్వాత గేటు నుంచి తోట చివరి దాకా ఆగకుండా నడిచాను. ఆ రోజు నా అంత సుఖపడ్డవాడు మండలంలో ఉండడు.

కానీ ఫిబ్రవరి నడుమకు వచ్చేసరికి పుండు అంచులు తెల్లబడ్డాయి, చీము పట్టింది. షుగర్ చూస్తే మూడు వందల పైన. సూది మందు మొదలుపెట్టారు, సత్తెమ్మ నేర్చుకుని రెండు పూటలా పొడిచేది. మోతాదు పెంచారు, తగ్గలేదు. ఇంకా పెంచారు, అయినా తగ్గలేదు. “ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా?” అని డాక్టరు సత్తెమ్మను అడిగాడు. ఆమె వేళ్లు మడిచి చెప్పింది: పొద్దున ఒక జొన్నరొట్టె, మధ్యాహ్నం గంటెడు అన్నం, ఆకుకూర, రాత్రికి మళ్లీ రొట్టె. చాయ్‌లో చక్కెర లేదు. నాకు చక్కెర లేదని ఆమె కూడా మానేసింది. డాక్టరు తల ఊపాడు కానీ, నమ్మినట్టు లేడు.

మా అక్క యాదమ్మ అసలే నమ్మలేదు. అక్క యాప్రాల్‌లో ఉంటుంది. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. నన్ను పెంచింది అక్కే. ఆమె ఒకరోజు వచ్చి వంటింట్లో డబ్బాలన్నీ దించి మూతలు తీసి చూసింది. బెల్లం డబ్బా దొరికింది.

“గిదేంది సత్తెమ్మా?”

“దేవునికి వదినె. శుక్రారం నైవేద్యం పెడ్త.”

“దేవునికి పెట్టి ఎవలకు తినిపిస్తున్నవ్? నీది మెత్త మనసు. వాడు జర ముఖం చిన్నగ జేయంగనే పెడ్తవ్. గా మనసుతోనే నా తమ్ముని కాలు తీపిస్తవ్ నువ్వు.”

అక్క ఆ డబ్బా తీసుకుని యాప్రాల్ పోయింది. నేను అప్పుడే తోట నుంచి వచ్చి మంచం మీదనే ఉన్నాను. “ఆమె ఏం పెట్టలేదక్కా” అన్నాను, అన్న మాట నిజమే. అంతకంటే గట్టిగా అనలేదు. ఎందుకంటే, పెట్టకపోతే షుగర్ ఎక్కడి నుంచి వస్తోందో నాకూ అర్థం కాలేదు. ఒకటి రెండుసార్లు, నేను చూడకుండా కూరలో ఏమన్నా వేస్తోందేమో అని నేను కూడా అనుకున్నాను. ఈ మాట రాయడం కష్టంగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఈ గొడవలో ఉండగా రొమ్ము నొప్పి సంగతి ఒకటి. తోట చివరి దాకా నడిస్తే రొమ్ము మీద ఎవరో చేయి పెట్టి నొక్కినట్టుండేది, దవడలు లాగేవి. మా పని అంతా చేతులు పైకెత్తి పందిరి కింద చేసేది. రొమ్ము పట్టేయడం, మెడ లాగడం అందరికీ ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు. మార్చిలో ఒకరోజు దవాఖాన మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయాను, ఒళ్లంతా చెమట. కట్టు మార్పించుకోవడానికి పోయినవాణ్ని అట్లాగే గుండె వార్డులో పడుకోబెట్టారు.

గుండెకు పోయే నాళాలు రెండు సన్నబడ్డాయన్నారు. గుండె డాక్టరు చిన్న వయసువాడు, ఓపికగా చెప్పాడు. “ఇన్ని రోజులూ నీ కాలు నిన్ను యాభై అడుగులకే ఆపేసింది. గుండెకు కష్టం తెలిసే దాకా నువ్వు నడవనే లేదు. కాలు బాగయ్యాక నడిచావు, అప్పుడు బయటపడింది. షుగర్ ఉన్నవాళ్లకు ఈ నొప్పి తక్కువగా తెలుస్తుంది కూడా.” తోటలో డ్రిప్పు పైపులు కడిగిన చేతులు నావి. పైపు ఎంత శుభ్రంగా ఉన్నా మోటరు బలహీనంగా ఉంటే చివరి తీగకు నీళ్లందవు. నా పాదం ఆ చివరి తీగ.

కాలి డాక్టరు వచ్చి పుండు చూశాడు. ఎముక దాకా పోయిందన్నాడు. ఇట్లాగే ఉంటే పాదం ముందు సగం తీసేయాలి, కానీ ఈ గుండెతో ఇప్పుడు మత్తు ఇవ్వలేం. ముందు గుండె సంగతి చూసుకుని, మూడు వారాల తర్వాత మళ్లీ చూస్తానన్నాడు. ఆ మూడు వారాల్లో షుగర్ దిగితే పాదం దక్కుతుందేమో, దిగకపోతే లేదు. పాదం సగం పోతే ఏ మేస్త్రీ పందిరి కింద తల ఎత్తి నిలబడగలడు? నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మూడో రోజు సాయంత్రం ఒక్కసారిగా వణుకు, చెమట, కళ్లు బైర్లు. మళ్లీ గుండె అనుకుని అందరూ పరిగెత్తుకొచ్చారు. చూస్తే షుగర్ పడిపోయింది. గ్లూకోజు నీళ్లు తాగించారు. ఇంట్లో వేసుకునే మోతాదే ఇక్కడా వేశారట. ఇంట్లో మూడు వందల కింద దిగని షుగర్ ఇక్కడ దవాఖాన అన్నంతో మూడు రోజుల్లో పడిపోయింది. అక్క అక్కడే ఉంది. ఇంకేం కావాలి ఆమెకు!

“చూసిన్రా డాక్టర్ సాబ్! నేను ముందటి సంది మొత్తుకుంటున్న. తప్పు మందుది గాదు, గీమె వంటది.”

వార్డులో అటు ఇటు ఉన్న పది మందీ సత్తెమ్మ వైపు తిరిగారు. ఆమె టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని నిలబడింది. నావైపు ఒక్కసారి చూసింది. నేను కళ్లు మూసుకున్నాను, నీరసంగా ఉన్నట్టు.

మర్నాడు పొద్దున విజయ సిస్టర్ కట్టు మార్చడానికి వచ్చింది. చేయి తేలిక, నోరు చురుకు. కట్టు విప్పుతూ అడిగింది: “ఏం పని చేస్తారు మీరు?” అప్పటికి ఆరు నెలలుగా ఎంతమంది డాక్టర్లు ఏం తింటావని అడిగారో లెక్క లేదు. ఏం పని చేస్తావని అడిగింది ఆమె ఒక్కతే.

“అంగూర్ తోటల మేస్త్రీని సిస్టర్.”

“మేస్త్రీ అంటే ఏం చేస్తారు?”

“కత్తిరింపు జేస్త, మందు కొట్టిస్త. గిప్పుడు కోత గదా, తోటంత తిరిగి తీపి సూస్త.”

ఆమె చేయి ఆగింది. “తీపి ఎట్లా చూస్తారు?”

“గుత్తికి కొసన ఉండే పండు అన్నిటికన్న ఎనుక పక్వానికొస్తది. గది తియ్యగుంటే గుత్తంత తియ్యగున్నట్టే. నోట్లేసుకొని సూస్త.”

“చూసి ఉమ్మేస్తారా?”

“అంగూర్ పండు ఎవడన్న ఉమ్మేస్తడా సిస్టర్?” అని నవ్వాను. ఆమె నవ్వలేదు. నా నవ్వు కూడా సగంలోనే ఆగిపోయింది.

రోజుకు రెండు వందల తీగల కింద తిరుగుతాను. తీగకు ఒకటి వేసుకున్నా, రోజుకు అరకిలోకు ఎంతో పైనే. ఇంటికి ఒక్క గుత్తి కూడా తేలేదు, తిందామని కూర్చుని ఒక్క పండూ తినలేదు. బీడీ మానినవాణ్ని, చాయ్‌లో చక్కెర మానినవాణ్ని, ఇది మాత్రం నా లెక్కలోకి రాలేదు. ఎందుకంటే అది తినడం కాదు, పని. సత్తెమ్మ కళ్ల ముందే చేశాను, ఆమెకూ తట్టలేదు. ఇరవై ఏళ్లుగా చూస్తున్న పనిని ఎవరు తిండి అనుకుంటారు?

“ఇంట్లోవాళ్లకు ఇవాళే చెప్పండి,” అంది సిస్టర్. “ఆమెను నిన్న అందరి ముందూ అన్న మాటలు నేను విన్నాను.”

సాయంత్రం సత్తెమ్మకు చెప్పాను. ఆమె టిఫిన్ డబ్బా మూత బిగించింది. తర్వాత, “అక్కకు చెప్పు” అంది. “చెప్త” అన్నాను.

చెప్పలేదు. మా తమ్ముడు మాట అంటే మాటే, బీడీ ఒక్కరోజులో పారేసిండు అని అక్క యాప్రాల్ అంతా చెప్పుకుని తిరిగింది. ఆమె ముందు పండ్లు మెక్కినవాడిగా నిలబడటానికి నాకు సిగ్గేసింది. ఇవాళ కాదు రేపు అనుకున్నాను. డాక్టరుకు చెప్పాను, ఆయన మోతాదు సరిచేశాడు. సారుకు చెప్పాను. అక్క ఒక్కతే మిగిలింది, ఆమె వచ్చినప్పుడల్లా సత్తెమ్మను ఒక మాట అని పోతూనే ఉంది.

గుండెకు కూడా బెలూను వేసి, సన్నని గొట్టం పెట్టారు. మూడు వారాలకు కాలి డాక్టరు మళ్లీ చూశాడు. చెడిన ఎముక ముక్క ఒకటి తీసి, పాదం ఉంచాడు. ఆ తర్వాత ఇక పండుగేమీ లేదు, ఓపికే. ఏప్రిల్, మే, జూన్, మంచం మీద కాలు చాపుకుని కూర్చోవడం, కట్టు మార్చడం. షుగర్ ఒక వారం ఎక్కితే పుండు ఒక వారం ఆగిపోయేది. ఆయాసం వచ్చిన వారం పాదం వాచేది. మూడూ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని ఉన్నాయని అప్పుడు అర్థమైంది. సత్తెమ్మ పొద్దున తోటకు పోయి, మధ్యాహ్నం వచ్చి కట్టు మార్చి, మళ్లీ పోయేది. రోజూ సాయంత్రం రెండు పాదాలూ వెలుతురులో తిప్పి తిప్పి చూసేది, ఇప్పటికీ చూస్తుంది.

ఈ ఏడాది కోతకు తీపి చూసింది సత్తెమ్మ. ముందు ఆమెకు షుగర్ పరీక్ష చేయించాం, లేదు. అయినా చూసి ఉమ్మేయమన్నాను, ఉమ్మేస్తుంది. బేరగాళ్లు మొదట ముఖాలు చూసుకున్నారు, ఇప్పుడు ఆమె మాట మీదే బండి తెస్తున్నారు. ఇది చదివేవాళ్లలో ఎవరి ఇంట్లోనైనా షుగర్ ఎందుకు దిగడం లేదో తెలియకపోతే, వండే మనిషిని నిలదీసే ముందు, షుగర్ ఉన్న మనిషి పొద్దంతా ఏ పనిలో ఉంటాడో, ఆ పనిలో నోటికి ఏం తగులుతుందో అడగండి. కాలు బాగై నడవడం మొదలుపెట్టాక రొమ్ము పట్టేస్తే దాచకండి.

ఒక్క సంగతి మిగిలింది. పోయినేడు బతుకమ్మకు ముందు పుండు పూర్తిగా మూసుకుంది. పండుగకు అక్క వచ్చింది. మా వాకిట్లో వాడకట్టు ఆడవాళ్లు నలుగురైదుగురు తంగేడు, గునుగు పూలు ముందేసుకుని కూర్చున్నారు. అక్క నా పాదం పట్టుకుని చూసి, వాళ్లందరికీ వినబడేటట్టు అంది:

“గిప్పుడు జూడున్రి. నేను మొత్తుకోంగ మొత్తుకోంగ సక్కగ వండి పెట్టింది, పుండు మానింది. గీ బుద్ధి ముందే ఉంటే నా తమ్మునికి వేలు గూడ మిగులుతుండె.”

సత్తెమ్మ తల ఎత్తలేదు. గునుగు కాడలు కోస్తూనే ఉంది. ఆమె అట్లా తల ఎత్తకపోవడం ఆర్నెల్లుగా చూస్తున్నాను. ఆ రోజు నాకు నా మీదే అసహ్యం వేసింది.

“అక్కా, సత్తెమ్మ వంటల ఏ తప్పు లేదు. తోటల తీపి సూసుకుంట అరకిలోకు పైన పండ్లు నేనే తిన్న, రోజు. దవాఖానల ఉన్నప్పుడే తెలిసింది నాకు. నీకు చెప్పలే.”

అక్క నా పాదం వదిలేసింది. “ఆర్నెల్ల సంది తెల్సా నీకు? తెల్సి నాతోని గీ పిల్లను తిట్టిచ్చినవా?”

“తిట్టిచ్చిన.”

 అక్క పోయి సత్తెమ్మ పక్కన కూర్చుంది. ఆమె ముందున్న గునుగు కట్ట తీసుకుని కాడలు కోయడం మొదలుపెట్టింది. కాడలు ఎగుడు దిగుడుగా తెగాయి. సత్తెమ్మ వాటిని తీసుకుని సరిచేసింది. తర్వాత తల ఎత్తి నన్ను చూసింది.

“పుండు మానేదాక ఆగినవ్ గదయ్యా. అప్పుడే చెప్పుంటే నేను గూడ జర నిమ్మలంగ బుక్కెడన్నం తింటుంటి.”

ఆమె ఎంత చిక్కిపోయిందో అప్పుడు చూశాను.